రిలే పొద్దున పట్టదు, మధ్యాహ్నం పడుతుంది: మీ ట్రాన్సిస్టర్ నిజంగా శాచురేషన్‌లో ఉందా?

అనంతపురం నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది:

"అన్నా, నేను అనంతపురంలో డిప్లొమా ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. శింగనమల దగ్గర మాకు చీనీ తోట ఉంది. నాన్న మోటారు వేయడానికి ప్రతిసారీ తోటకి పోకుండా ఫోన్‌తో ఆన్ చేసేలా ఒక బోర్డు కట్టాను. 5 వోల్టుల కంట్రోలర్ పిన్ను నుంచి 47 కె రెసిస్టర్ ద్వారా బీసీ547 బేస్‌కి ఇచ్చాను. కలెక్టర్‌లో 12 వోల్టుల చిన్న రిలే, దాని కాయిల్ 400 ఓమ్‌లు. ఎమిటర్ గ్రౌండ్‌కి. మధ్యాహ్నం బాగా పనిచేస్తుంది. తెల్లవారుజామున మాత్రం చాలాసార్లు రిలే పట్టదు. బేస్ దగ్గర 0.7 వోల్టు వస్తోంది కాబట్టి ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లోనే ఉందనుకున్నాను. మీటర్‌లో హెచ్‌ఎఫ్‌ఈ 290 చూపిస్తోంది. మధ్యాహ్నం కొలిస్తే కలెక్టర్ దగ్గర 2.8 వోల్టులు ఉంది. మా ఫ్రెండ్ ఇది డూప్లికేట్ ట్రాన్సిస్టర్ అంటున్నాడు, తన బోర్డులో అవే పార్టులు బాగా పనిచేస్తున్నాయట. అసలు శాచురేషన్‌లో ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి? ఇంకో డౌట్, మాస్‌ఫెట్ పాఠంలో శాచురేషన్ అంటే పూర్తిగా వేరేలా చెప్పారు. ఏది కరెక్ట్?"

తమ్ముడూ, ముందు సమాధానం చెప్పేస్తాను. నీ ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లో లేదు, అంటే పూర్తిగా ఆన్ అయిన స్విచ్‌లా లేదు. డూప్లికేట్ కూడా కాదు, అది చేయాల్సిన పని అది సరిగ్గానే చేస్తోంది. నువ్వు బేస్‌కి ఇస్తున్న కరెంటే చాలట్లేదు. ఈ సంగతి నీ ఉత్తరంలో నువ్వే రాసిన 2.8 అనే అంకె చెబుతోంది. అంత జాగ్రత్తగా కొలిచి రాసినందుకు సంతోషం. చాలామంది "రిలే పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు.

శాచురేషన్ గురించి మొదట పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. అది ట్రాన్సిస్టర్ ఒక్కదాని గుణం కాదు. ట్రాన్సిస్టర్‌ని చేతిలో పట్టుకుని, దాని బీటా (కలెక్టర్ కరెంటు బేస్ కరెంటుకి ఎన్ని రెట్లో చెప్పే అంకె, మీటర్‌లో హెచ్‌ఎఫ్‌ఈ అన్నది అదే) ఎంతో, బేస్ దగ్గర వోల్టేజీ ఎంతో చూసి "ఇది శాచురేషన్" అని చెప్పలేం. కలెక్టర్‌లో ఏ లోడ్ ఉంది, దానికి ఎంత సప్లై ఇచ్చాం అన్నది కూడా చూడాలి. బేస్ కరెంటు "ఇంత కలెక్టర్ కరెంటు పోనిస్తాను" అంటుంది. లోడ్, సప్లై కలిసి "మా దగ్గర ఉన్నది ఇంతే" అంటాయి. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే జరుగుతుంది. మీ తోటలో బోరు రెండించుల నీళ్ళే పోస్తోందనుకో. గేట్ వాల్వ్ కొంచెం కొంచెంగా తిప్పుతుంటే మొదట్లో నీళ్ళు పెరుగుతూ పోతాయి. ఒక హద్దు దాటాక ఇంకెన్ని చుట్లు తిప్పినా ఆ రెండించులే. వాల్వ్ తిప్పితే నీళ్ళు మారుతున్నంతవరకు యాక్టివ్, తిప్పినా మారకపోతే శాచురేషన్.

నీ సర్క్యూట్‌లో ఆ రెండు లెక్కలూ వేసి చూద్దాం. బేస్ రెసిస్టర్ 47 కె మీద పడే వోల్టేజీ 5 లోంచి 0.7 తీసేస్తే 4.3. దాన్ని 47,000తో భాగిస్తే బేస్ కరెంటు సుమారు 91 మైక్రో ఆంపియర్లు. అటువైపు, ట్రాన్సిస్టర్ పూర్తిగా మూసుకున్న స్విచ్‌లా ఉంటే 12 వోల్టులూ దాదాపు మొత్తం కాయిల్ మీదే పడాలి. అప్పుడు 400 ఓమ్‌ల గుండా సుమారు 30 మిల్లీ ఆంపియర్లు పోవాలి. నువ్వు కొలిచినప్పుడు కలెక్టర్ దగ్గర 2.8 మిగిలింది కాబట్టి కాయిల్ మీద పడింది 9.2 వోల్టులే. అంటే 23 మిల్లీ ఆంపియర్లు. 23 మిల్లీ ఆంపియర్లను 91 మైక్రో ఆంపియర్లతో భాగిస్తే సుమారు 250 వస్తుంది. ఆ 250 నీ ట్రాన్సిస్టర్ అసలు బీటా. మీటర్ చూపించిన 290 కంటే తక్కువ వచ్చిందని కంగారు పడకు. మామూలు డిజిటల్ మీటర్ హెచ్‌ఎఫ్‌ఈ సాకెట్ బేస్‌కి చాలా కొద్ది కరెంటు, పది మైక్రో ఆంపియర్ల ప్రాంతంలో, ఇచ్చి కొలుస్తుంది. కలెక్టర్ కరెంటు మారితే బీటా కూడా మారుతుంది. ఆ సాకెట్ ట్రాన్సిస్టర్ బతికుందా లేదా, కాళ్ళు ఏవి అని చూసుకోవడానికి మంచిది, డిజైన్ లెక్కకి ఆ అంకె వాడకూడదు.

కలెక్టర్ కరెంటు బీటా లెక్క ప్రకారమే నడుస్తోందంటే ట్రాన్సిస్టర్ యాక్టివ్‌లో ఉన్నట్టే. శాచురేషన్‌లోకి వెళ్ళినప్పుడు కలెక్టర్ కరెంటుని బేస్ కరెంటుతో భాగిస్తే బీటా కంటే చాలా తక్కువ వస్తుంది. ఎందుకంటే కలెక్టర్ కరెంటు లోడ్ దగ్గర ఆగిపోయింది, బేస్ కరెంటు మాత్రం ఎక్కువే వస్తోంది. ఈ నిష్పత్తిని ఫోర్స్‌డ్ బీటా అంటారు. అక్కడ ట్రాన్సిస్టర్ సొంత బీటాకి పని లేదు, నువ్వు ఎంచుకున్న రెసిస్టర్లే దాన్ని నిర్ణయిస్తాయి.

ఇక 0.7 సంగతి. క్లాసులో విని వచ్చిన చాలామంది ఇక్కడే పొరపడతారు. బేస్, ఎమిటర్ల మధ్య 0.7 వచ్చిందంటే ఆ జంక్షన్ ఫార్వర్డ్ బయాస్‌లో, అంటే కరెంటు పోనిచ్చే దిశలో, ఉందని మాత్రమే అర్థం. అంటే ట్రాన్సిస్టర్ కటాఫ్‌లో (పూర్తిగా ఆఫ్‌లో) లేదు, అంతే. యాక్టివ్‌లో ఉన్నా ఇంచుమించు అంతే వస్తుంది, శాచురేషన్‌లో ఉన్నా ఇంచుమించు అంతే వస్తుంది. ఆ జంక్షన్ డయోడ్ లాంటిది కదా. మామూలు గది వేడిలో దాని గుండా పోయే కరెంటు పదింతలు పెరిగినా వోల్టేజీ పెరిగేది సుమారు 60 మిల్లీవోల్టులే. కాబట్టి 0.66కీ 0.74కీ తేడా చూసి ట్రాన్సిస్టర్ ఎక్కడుందో చెప్పబోతే పప్పులో కాలేసినట్టే.

అసలు తేల్చేది రెండో జంక్షన్, బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య ఉన్నది. యాక్టివ్‌లో అది రివర్స్ బయాస్‌లో ఉంటుంది, శాచురేషన్‌లో అది కూడా ఫార్వర్డ్ బయాస్‌లోకి వస్తుంది. రెండు జంక్షన్లూ ఫార్వర్డ్ అయితే శాచురేషన్ అని పుస్తకంలో చదివే ఉంటావు. దాన్ని మీటర్‌తో చూడటం చాలా తేలిక. రిలే ఆన్‌లో ఉండాల్సిన స్థితిలో, అంటే కంట్రోలర్ పిన్ను 5 వోల్టులు ఇస్తున్నప్పుడు, మీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టు. ఎరుపు ప్రోబ్ బేస్ మీద, నలుపు ప్రోబ్ కలెక్టర్ మీద ఆనించు. రీడింగ్ మైనస్‌లో వస్తే యాక్టివ్. ప్లస్‌లో అర వోల్టు, దానికి కాస్త అటూ ఇటూ వస్తే చక్కటి శాచురేషన్. సున్నా దగ్గర తచ్చాడుతుంటే రెండింటి సరిహద్దులో ఉంది, స్విచ్ పనికి అది చాలదు. నీది ఇప్పుడు కొలిస్తే మైనస్ 2.1 వస్తుంది, 0.7 లోంచి 2.8 తీసేస్తే అంతే కదా. బీసీ557 లాంటి పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ అయితే గుర్తులు తిరగబడతాయి, అక్కడ ప్లస్ వస్తే యాక్టివ్.

ఇదే విషయాన్ని కలెక్టర్, ఎమిటర్ల మధ్య కొలిచి కూడా చెప్పొచ్చు. బీసీ547 డేటాషీట్‌లో కలెక్టర్ కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు, బేస్ కరెంటు 0.5 మిల్లీ ఆంపియర్లు ఉన్నప్పుడు వీసీఈ (కలెక్టర్, ఎమిటర్ల మధ్య వోల్టేజీ) సామాన్యంగా 0.09 వోల్టు, గరిష్ఠంగా 0.25 అని ఉంటుంది. 100 మిల్లీ ఆంపియర్లకి 5 మిల్లీ ఆంపియర్లు ఇస్తే సామాన్యంగా 0.2, గరిష్ఠంగా 0.6. క్లాసులో అందరం రాసే 0.2 ఒక గుండ్రటి అంకె మాత్రమే. కరెంటు ఎక్కువైతే అది పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. నీ 30 మిల్లీ ఆంపియర్లకి 0.1, 0.15 ప్రాంతంలో రావాలి. ఆ డేటాషీట్‌లో ఇంకో విషయం గమనించు. శాచురేషన్ వోల్టేజీ హామీ ఇచ్చిన చోట రెండుసార్లూ కలెక్టర్ కరెంటు, బేస్ కరెంటుల నిష్పత్తి 20. 290 కాదు, 250 కాదు, 20. 2ఎన్2222 డేటాషీట్ చూస్తే అక్కడ ఆ నిష్పత్తి 10. "ఇంత ధారాళంగా బేస్ కరెంటు ఇస్తేనే మేం మాట నిలబెట్టుకుంటాం" అని తయారు చేసినవాళ్ళు అక్కడ చెబుతున్నారు. ఆ ఒక్క వరసని పట్టించుకుంటే రిలే డ్రైవర్లలో వచ్చే గొడవల్లో చాలా భాగం మొదలే కావు.

మీ ఫ్రెండ్ బోర్డు ఎందుకు పనిచేస్తోందో కూడా ఇప్పుడు చెప్పొచ్చు. బీసీ547లో ఎ, బి, సి అని రకాలున్నాయి. ఒక్క బి రకంలోనే బీటా 200 నుంచి 450 దాకా ఎంతైనా ఉండొచ్చు. అదే షాపులో, అదే కవర్లోంచి తీసిన రెండింటికి కూడా బాగా తేడా ఉండొచ్చు. బీటా 200 ఉన్నది నీ సర్క్యూట్‌లో పడితే సుమారు 18 మిల్లీ ఆంపియర్లే వస్తాయి, రిలే మధ్యాహ్నం కూడా పట్టదు. బీటా 400 ఉన్నది పడితే 36 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలదు, లోడ్ తీసుకునేది 30 కాబట్టి ఎంచక్కా శాచురేషన్‌లోకి వెళ్ళిపోతుంది. మీ ఫ్రెండ్‌కి ఎక్కువ బీటా ఉన్నది దొరికి ఉంటుంది. రేపు అది కాలిపోయి ఇంకోటి వేస్తే నీ కథే అతనికీ మొదలవుతుంది.

మధ్యాహ్నం పట్టి తెల్లవారుజామున పట్టకపోవడం నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం. 12 వోల్టుల రిలే సాధారణంగా దాని రేటింగ్‌లో 75 శాతం, అంటే 9 వోల్టులు అందితే పడుతుందని హామీ. 400 ఓమ్‌ల మీద 9 వోల్టులంటే 22.5 మిల్లీ ఆంపియర్లు. నీకు మధ్యాహ్నం అందింది 23. గట్టున నిలబడ్డట్టే. యాక్టివ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ బీటా వేడితో పాటు పెరుగుతుంది, డిగ్రీకి సుమారు అర శాతం వేసుకో. చలికాలం పొద్దున పెట్టె లోపల మధ్యాహ్నం కంటే 20 డిగ్రీలు తక్కువుంటే కరెంటు పది శాతం పడిపోయి 21 దగ్గరికి వస్తుంది. రిలే పట్టదు. శాచురేషన్‌లో ఉన్న ట్రాన్సిస్టర్‌కి ఈ బాధ లేదు, దాని బీటా కొంచెం అటూ ఇటూ అయినా కలెక్టర్ కరెంటు కదలదు. వేడికీ చలికీ ప్రవర్తన మారుతోందంటే ముందు అనుమానించాల్సింది ట్రాన్సిస్టర్ యాక్టివ్‌లో వేలాడుతోందేమోనని.

ఎండాకాలంలో దీనికి ఎదురు సమస్య వస్తుంది, మన వైపు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రిలే కాయిల్ రాగి తీగ. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. మే నెలలో ఎండలో ఉన్న ఇనుప స్టార్టర్ పెట్టె లోపల 60 డిగ్రీలు ఉందనుకో. 20 డిగ్రీల దగ్గర 400 ఓమ్‌లున్న కాయిల్ అక్కడ 460 ఓమ్‌లు దాటుతుంది. రిలేని లాగేది కరెంటు కాబట్టి, అదే 22.5 మిల్లీ ఆంపియర్లు రావాలంటే ఇప్పుడు 10.4 వోల్టులు కావాలి. ఊళ్ళో కరెంటు బలహీనంగా ఉండి అడాప్టర్ 11 వోల్టులకి దిగితే మిగిలేది 0.6 వోల్టే. ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లో 0.15 తింటే రిలే పడుతుంది, సరిహద్దులో వేలాడుతూ ఒక వోల్టు తింటే పట్టదు. అందుకే తోటలో పెట్టే బోర్డుకి "టేబుల్ మీద పనిచేసింది" అన్న మాట చాలదు. కొలిచే ప్రతిసారీ ముందు సప్లై ఎంతుందో చూడు. సప్లైయే 10.5 ఉంటే ట్రాన్సిస్టర్‌ని తిట్టి లాభం లేదు.

ఇక మరమ్మతు. కావాల్సిన కలెక్టర్ కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు. పదోవంతు బేస్‌కి ఇద్దాం, 3 మిల్లీ ఆంపియర్లు. 4.3 వోల్టులని 3 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే సుమారు 1,430 ఓమ్‌లు. దుకాణంలో దొరికేది 1.5 కె, అదే వేసుకో. 1 కె వేసినా ఇబ్బంది లేదు, 4.3 మిల్లీ ఆంపియర్లు వస్తుంది, ఏ మామూలు కంట్రోలర్ పిన్ను అయినా అంత ఇస్తుంది. రేపు 3.3 వోల్టుల వైఫై బోర్డుకి మారాలనుకుంటే 1 కె వేసుకో, అప్పుడు 2.6 మిల్లీ ఆంపియర్లు వస్తుంది, అదీ చాలు. బేస్ నుంచి గ్రౌండ్‌కి 10 కె ఒకటి వేస్తే కంట్రోలర్ రీసెట్ అయ్యే క్షణంలో రిలే తనంతట తాను పట్టకుండా ఉంటుంది. మోటారు దగ్గర అది ముఖ్యం.

మార్చకముందే ఒక చిన్న పరీక్ష చేయమంటాను, ఎందుకంటే నాకు తెలిసి శాచురేషన్‌ని ఇంత సూటిగా చూపించే పరీక్ష ఇంకోటి లేదు. లెక్క అక్కర్లేదు, బీటా తెలియనక్కర్లేదు. రిలే ఆన్‌లో ఉండగా మీటర్‌ని కలెక్టర్, ఎమిటర్ల మధ్య పెట్టుకో. ఇప్పుడున్న 47 కెకి సమాంతరంగా ఒక 4.7 కెని రెండు కొనలతో అలా ఆనించు. బేస్ కరెంటు ఒక్కసారిగా పదింతలు దాటుతుంది. మీటర్ 2.8 నుంచి 0.15 దగ్గరికి దబ్బున పడిపోతుంది. అంత పడిందంటే ఇంతకుముందు శాచురేషన్‌లో లేదని అర్థం. ఇప్పుడు ఆ 4.7 కెని అలాగే ఉంచి, పక్కన ఇంకో 4.7 కె ఆనించు. మీటర్‌లో కొన్ని మిల్లీవోల్టులే కదులుతాయి. బేస్ కరెంటు రెట్టింపైనా కలెక్టర్ దగ్గర చలనం లేదంటే అదే శాచురేషన్. ఇది నీ చేత్తో ఒకసారి చేస్తే పుస్తకంలోని మూడు పేజీలు కళ్ళముందు కనిపిస్తాయి.

పరీక్ష రాసేటప్పుడు మీటర్ ఉండదు కాబట్టి కాగితం మీద పద్ధతి కూడా చెబుతాను. మొదట యాక్టివ్ అనుకుని మొదలుపెట్టు. బేస్ కరెంటు కనుక్కుని బీటాతో గుణించి కలెక్టర్ కరెంటు రాయి, దాన్నుంచి వీసీఈ కనుక్కో. వీసీఈ 0.2 కంటే తక్కువ వచ్చినా, మైనస్ వచ్చినా నువ్వు అనుకున్నది తప్పు, అది శాచురేషన్. అప్పుడు వీసీఈ 0.2 అని పెట్టి కలెక్టర్ కరెంటుని మళ్ళీ లోడ్ వైపు నుంచి లెక్కగట్టు. నీ రిలేకి 1 కె బేస్ రెసిస్టర్ వేసి ఇలా లెక్కేస్తే 4.3 మిల్లీ ఆంపియర్లని 250తో గుణించి ఒక ఆంపియర్ దాటిందంటావు, కాయిల్ మీద 430 వోల్టులు పడ్డాయంటావు, వీసీఈ మైనస్ 418 వస్తుంది. 12 వోల్టుల సప్లైలో ఆ మైనస్ 418 ఎక్కణ్ణుంచి వస్తుంది? అది అసాధ్యమని గుర్తుపట్టడమే ఆ లెక్కలో మార్కులు. పేపర్లలో తరచూ కనిపించే తరహా లెక్క ఇంకోటి: సప్లై 10 వోల్టులు, కలెక్టర్‌లో 1 కె, అదే సప్లై నుంచి బేస్‌కి 100 కె. బేస్ కరెంటు 93 మైక్రో ఆంపియర్లు. బీటా 100 ఇస్తే కలెక్టర్ కరెంటు 9.3 మిల్లీ ఆంపియర్లు, వీసీఈ 0.7. బేస్ దగ్గర 0.7, కలెక్టర్ దగ్గర 0.7, మధ్యలో సున్నా, కచ్చితంగా యాక్టివ్ అంచు మీద ఉంది. అదే లెక్కలో బీటా 150 ఇస్తే శాచురేషన్. బీటా మారితే జవాబు మారిపోయింది చూశావా? అందుకే సొంతంగా డిజైన్ చేసేటప్పుడు డేటాషీట్‌లోని కనిష్ఠ బీటా తీసుకుని, దానికి కూడా సరిపోయేంత కరెంటు ఇవ్వాలి. ఎమిటర్‌లో కూడా రెసిస్టర్ ఉంటే లోడ్ లెక్కలో దాన్ని కలుపుకోవడం మరిచిపోకు.

పై కొలతలు తప్పుదారి పట్టించే చోట్లు కొన్నున్నాయి. టిప్122 లాంటి డార్లింగ్టన్‌లు, యూఎల్ఎన్2003 ఐసీ, వీటిలో లోపల రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటి వీసీఈ ఎంత తోలినా 0.7 కిందికి దిగదు, ఒక వోల్టు దాకా ఉండటం మామూలే. అక్కడ 0.2 కోసం వెతకొద్దు. రిలేని ఎమిటర్‌కీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టినవాళ్ళు ఎంత బేస్ కరెంటు ఇచ్చినా శాచురేషన్ చూడలేరు. బేస్‌కి 5 వోల్టులే వస్తుంటే ఎమిటర్ 4.3 దగ్గర ఆగుతుంది, 12 వోల్టుల రిలేకి అది ఏమూలకీ చాలదు. కాళ్ళు తారుమారైతే ఇంకో తంటా. బీసీ547ని చదునైన ముఖం నీ వైపు, కాళ్ళు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ప్లాస్టిక్ పీఎన్2222లో ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని స్థానంలో ఇంకోటి అలాగే గుచ్చితే కలెక్టర్, ఎమిటర్ అటూ ఇటూ అవుతాయి. అప్పుడు కూడా ట్రాన్సిస్టర్ ఎంతో కొంత పనిచేసినట్టే కనిపిస్తుంది, కానీ బీటా చాలా పడిపోతుంది. పైగా బేస్, ఎమిటర్ జంక్షన్ తట్టుకునే రివర్స్ వోల్టేజీ 6 మాత్రమే, 12 వోల్టుల ముందు అది నిలవదు. ఇక పిన్ను నుంచి పల్సులు వస్తుంటే, అంటే పీడబ్ల్యూఎం అయితే, మామూలు మీటర్ సగటు చూపిస్తుంది, దాన్ని చూసి ఏమీ తేల్చకూడదు, ఆసిలోస్కోప్ కావాలి.

రిలే కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉందా? నువ్వు రాయలేదు. గీత ఉన్న కొన 12 వోల్టుల వైపు ఉండాలి. అది లేకపోతే రిలే ఆఫ్ అయిన ప్రతిసారీ కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజీ బీసీ547 తట్టుకునే 45 వోల్టులని దాటి పోతుంది. కొన్నాళ్ళకి ట్రాన్సిస్టర్ పాడై, అప్పుడు వచ్చే రీడింగులకి అర్థం ఉండదు.

బేస్ కరెంటు మరీ ఎక్కువైతే నష్టమా అని కొందరు అడుగుతారు. రిలేకి నష్టం లేదు. శాచురేషన్‌లో బేస్ ప్రాంతంలో ఛార్జ్ పేరుకుపోతుంది, ఆఫ్ చేసినప్పుడు అది బయటికి పోవడానికి కొంత సమయం పడుతుంది. అది మైక్రో సెకన్ల లోపు వ్యవహారం, రిలే కదలడానికే మిల్లీ సెకన్లు పడుతుంది. సెకనుకి లక్షసార్లు స్విచ్ చేసే పవర్ సప్లైల్లో మాత్రం ఇది పెద్ద విషయం. 74ఎల్‌ఎస్ కుటుంబం లాజిక్ ఐసీల్లో షాట్కీ డయోడ్‌తో ట్రాన్సిస్టర్‌ని గాఢ శాచురేషన్‌లోకి పోకుండా ఆపింది ఈ ఆలస్యం తగ్గించడానికే.

నీ మాస్‌ఫెట్ డౌట్‌కి వస్తే, రెండు పాఠాలూ నిజమే. మాస్‌ఫెట్‌లో శాచురేషన్ అంటే డ్రెయిన్ వోల్టేజీ పెరిగినా కరెంటు దాదాపు పెరగని ప్రాంతం. వీడీఎస్ (డ్రెయిన్, సోర్స్‌ల మధ్య వోల్టేజీ), వీజీఎస్ (గేట్, సోర్స్‌ల మధ్య వోల్టేజీ) లోంచి త్రెషోల్డ్, అంటే మాస్‌ఫెట్ ఆన్ అవడం మొదలయ్యే వోల్టేజీ, తీసేయగా మిగిలినదానికంటే ఎక్కువున్నప్పుడు అక్కడ ఉంటుంది. అంటే అది బీసీ547 లాంటి మామూలు (బైపోలార్) ట్రాన్సిస్టర్‌లోని యాక్టివ్‌కి జోడీ. స్విచ్‌గా వాడేటప్పుడు మాస్‌ఫెట్ ట్రయోడ్ ప్రాంతంలో ఉండాలి, దాన్నే లీనియర్, ఓమిక్ అని కూడా అంటారు. బైపోలార్‌ని స్విచ్ చేయాలంటే శాచురేషన్‌లోకి తోయాలి, మాస్‌ఫెట్‌ని శాచురేషన్‌లోంచి బయటికి లాగాలి. పరీక్షలో ఏ పరికరం గురించి అడిగారో ముందు చూసి అప్పుడు రాయి.

చివరగా స్టార్టర్ పెట్టె గురించి, ఇది దయచేసి శ్రద్ధగా విను. ఈ కొలతలన్నీ ఇంట్లో టేబుల్ మీద, రిలే కాంటాక్టులకి ఏమీ కలపకుండా చెయ్యి. తోటలో పెట్టెలో త్రీ ఫేజ్ ఉండగా ప్రోబులు పట్టుకుని చేతులు పెట్టొద్దు. ఇంకో మాట. చిన్న రిలే మీద సాధారణంగా 250 వోల్టుల ఏసీ అని రాసి ఉంటుంది. బోరు స్టార్టర్ కాయిల్ చాలాచోట్ల రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద ఉంటుంది. 250 రేటింగ్ ఉన్న కాంటాక్టుతో ఆ తీగని తెంపకూడదు, కాంటాక్టులు అతుక్కుపోతే మోటారు ఆఫ్ కాదు, నీళ్ళు లేని బోరులో అలాగే తిరిగి కాలిపోతుంది. మధ్యలో 415 వోల్టులకి తగ్గ రేటింగ్ ఉన్న రిలే గానీ చిన్న కాంటాక్టర్ గానీ ఉండాలి. ఆ వైరింగ్ ఆటో స్టార్టర్లు బిగించే ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని, నాన్నకి చెప్పి, మెయిన్ తీసేశాకే చెయ్యి.

1.5 కె వేశాక సప్లై, బేస్, కలెక్టర్ మూడు రీడింగులూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీసి రాసి పంపు. కలెక్టర్ రీడింగ్ రెండు పూటలా 0.2 లోపే ఉండాలి. లేకపోతే 12 వోల్టుల సప్లైని, డయోడ్ దిశని, కాళ్ళ వరసని ఆ క్రమంలో చూద్దాం.